పాత గేముల కంప్యూటర్: పార్టు పోయిందా, జత కుదరలేదా?

పాత గేముల కోసం కంప్యూటర్ కట్టుకునేవాళ్లు ఎక్కువగా వాడే మాట "పోయింది". ర్యామ్ పోయింది, కార్డు పోయింది, బోర్డు పోయింది. నేనూ అలాగే రెండు ర్యామ్ స్టిక్కులను చెత్తడబ్బాలో వేయబోయాను. తర్వాత తెలిసింది, అవి శుభ్రంగా ఉన్నాయి, నా బోర్డుకు పడవంతే. ఈ కాలపు సామాన్లలో నిజంగా చచ్చినవాటికన్నా జత కుదరనివే ఎక్కువ కనిపించాయి నాకు.

కింద రాసినదంతా విండోస్ 98 నడిచే పెంటియం 2, పెంటియం 3 కంప్యూటర్ల గురించి. మదర్‌బోర్డు ఇంటెల్ 440బీఎక్స్ చిప్‌సెట్‌ది (ప్రాసెసర్, ర్యామ్, కార్డుల మధ్య డేటా నడిపే చిప్పుల జత) అనుకోండి. 1998లో వచ్చిన ఈ చిప్‌సెట్ బోర్డుల మీద మామూలుగా ఏజీపీ (గ్రాఫిక్స్ కార్డుకు), పీసీఐ (మిగతా కార్డులకు), ఐఎస్ఏ (ఇంకా పాతకాలపు కార్డులకు) మూడు రకాల స్లాట్లూ ఉంటాయి. డాస్ (విండోస్‌కు ముందు, కమాండ్లు కొట్టి నడిపిన సిస్టమ్) గేములు, విండోస్ గేములు రెండూ కావాలంటే ఇంతకన్నా మంచి పునాది లేదని నా అభిప్రాయం.

ప్లగ్ పెట్టగానే ఢాం అంది

అమెరికా నుంచి బంధువులు తెచ్చిన పాత కంప్యూటర్లతో వచ్చే తంటా ఇది. ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్ పవర్ సప్లై) వెనక చిన్న ఎర్ర స్విచ్ 115 వోల్టుల మీద ఉంటుంది. మన దగ్గర వచ్చేది 230. పేలాక చేసేదేమీ లేదు, ఎస్‌ఎంపీఎస్ మార్చాలి. కరెంటు ఇవ్వకముందే స్విచ్ చూసుకోండి.

కేసు ముట్టుకుంటే జివ్వుమంటోందా? అది వేరే విషయం, ఎర్తింగ్ లేదన్నమాట. ఎస్‌ఎంపీఎస్ లోపలి ఫిల్టర్ నుంచి కొద్దిగా కరెంటు కేసుకు చేరుతుంది, ఎర్త్ ఉంటే అటు పోతుంది. టూ పిన్ ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి, నిజంగా ఎర్త్ ఉన్న త్రీ పిన్ సాకెట్‌కు పెట్టండి. అలా జివ్వుమంటుండగా కార్డులు పీకడం, పెట్టడం చేయకండి.

ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ మీద ఏమీ లేదు

ముందు బీప్ వినండి. అవార్డ్ కంపెనీ బయాస్ (ఆన్ చేయగానే మొదట నడిచే, బోర్డులోనే ఉండే ప్రోగ్రాము) ఉన్న బోర్డుల్లో ఒక పొడవు, రెండు పొట్టి బీప్‌లు వస్తే గ్రాఫిక్స్ కార్డు వైపు చూడాలి. ఆగకుండా కొడుతుంటే ర్యామ్. ర్యామ్ అయితే మన మెకానిక్కులందరికీ తెలిసిన వైద్యమే: తీసి, పసుపు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో రుద్ది, రబ్బరు పొట్టు దులిపి మళ్లీ గట్టిగా నొక్కడం. నవ్వుకునేవాళ్లు నవ్వుకోనీ, ఇరవై ఏళ్లు మూల పడున్న స్టిక్కుకు ఇది పనిచేస్తుంది. గరుకు కాగితం మాత్రం వద్దు, పూత లేచిపోతుంది.

గ్రాఫిక్స్ కార్డు అయితే గాటు చూడండి. ఏజీపీ కార్డులో వెనక ఇనుపపట్టీకి దగ్గరగా గాటు ఉంటే 3.3 వోల్టులది, దూరంగా ఉంటే 1.5 వోల్టులది, రెండు గాట్లుంటే రెండింటికీ సరిపోవాలి. బీఎక్స్ బోర్డు 3.3 వోల్టులది. "సరిపోవాలి" అని ఎందుకన్నానంటే, కొన్ని పాత కార్డులకు రెండు గాట్లూ ఉన్నా లోపల మాత్రం 3.3 వోల్టులవే. అలాంటిదాన్ని ఇంటెల్ 845 లాంటి 1.5 వోల్టుల బోర్డులో పెడితే బోర్డే కాలిపోవచ్చు. స్లాట్‌లోకి దిగింది కదా అని నమ్మేయకండి.

256 ఎంబీ పెడితే 128 చూపిస్తోంది

నా చెత్తడబ్బా కథ ఇదే. 440బీఎక్స్‌కు 128 మెగాబిట్ల (ఎనిమిది మెగాబిట్లు ఒక ఎంబీ) చిప్పుల వరకే తెలుసు. ఒకవైపు ఎనిమిది చిప్పులతోనే 256 ఎంబీ అయిన స్టిక్కులో ఒక్కో చిప్పు 256 మెగాబిట్లది. బోర్డుకు అందులో సగమే కనిపిస్తుంది, లేదా అసలు లేవదు. రెండువైపులా కలిపి పదహారు చిప్పులున్న 256 ఎంబీ స్టిక్కు కొనండి. షాపులో ఇంత వివరం అడిగితే వింతగా చూస్తారు. అడగక్కర్లేదు, లెక్కపెట్టుకోండి.

ర్యామ్ ఎక్కువైనా చిక్కే. 512 ఎంబీ దాటితే విండోస్ 98 "మెమరీ చాలదు" అంటుంది! ఉన్న మెమరీని బట్టి డిస్క్ క్యాష్‌ను (డిస్కు నుంచి చదివినవి ర్యామ్‌లో దాచుకునే చోటు) అతిగా పెంచేసుకుని, తనకు కావలసిన అడ్రసులు తానే మింగేయడం వల్ల వచ్చే గొడవ ఇది. సిస్టమ్ డాట్ ఐఎన్ఐ ఫైల్లో వీక్యాష్ విభాగం కింద మ్యాక్స్‌ఫైల్‌క్యాష్ విలువను 524288 గానీ అంతకన్నా తక్కువగానీ పెడితే చాలావరకు సర్దుకుంటుంది. అయినా ఆ కాలపు గేములకు 256 చాలు.

గంట ఆడాక ఆగిపోతోంది, లేదా దానంతటదే రీస్టార్ట్ అవుతోంది

ప్రాసెసర్ చుట్టూ నిలబడిన కెపాసిటర్లను చూడండి. పైభాగం చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు మరక కారినా మార్చాల్సిందే. 2000 తర్వాత కొన్నేళ్లపాటు వచ్చిన బోర్డుల్లో నాసిరకం కెపాసిటర్ల బెడద పెద్దది. అదే మైక్రోఫారడ్, అంతే లేదా కాస్త ఎక్కువ వోల్టేజ్, లో ఈఎస్ఆర్ (లోపలి నిరోధం తక్కువ) రకం తీసుకుని, టంకం పని బాగా వచ్చినవాళ్లతో మార్పించండి. పూలు కట్టినట్టు వరసగా చేసేయొచ్చు అనిపిస్తుందిగానీ, మదర్‌బోర్డు రాగి పొరలు వేడిని లాగేసుకుంటాయి, టంకం పని కొత్తయితే మీరే చేయబోకండి.

కెపాసిటర్లు బాగుంటే అనుమానం ఎస్‌ఎంపీఎస్ మీద. కొత్తది, 500 వాట్లది కొన్నా ఇదే గోల ఎందుకంటే, పెంటియం 3, ఏఎండీ అథ్లాన్ ప్రాసెసర్ల కాలపు చాలా బోర్డులు ప్రాసెసర్‌కు కరెంటును 5 వోల్టుల లైను నుంచి తీసుకుంటాయి. కొత్త ఎస్‌ఎంపీఎస్‌ల బలమంతా 12 వోల్టుల లైనులో ఉంటుంది. వాట్లు కాదు, లేబుల్ మీద 5 వోల్టుల కింద ఎన్ని ఆంపియర్లు రాశారో చూడండి. అథ్లాన్ అయితే 25 నుంచి 30 ఉంటే నేను నిశ్చింతగా ఉంటాను.

హార్డ్ డిస్క్ దగ్గరే ఆగిపోతోంది

కొన్ని పాత బయాస్‌లు 32 జీబీ దాటిన డిస్కును గుర్తుపట్టబోయి బిగుసుకుపోతాయి. బయాస్ అప్‌డేట్, లేకపోతే చిన్న డిస్కు. విండోస్ 98కు సొంత హద్దు ఇంకొకటుంది, 137 జీబీ. అది దాటితే కొత్త ఫైళ్లు పాతవాటిమీదే రాసేసే ప్రమాదం ఉంది, కాబట్టి 120 దాటకండి. డిస్కును భాగాలుగా విడగొట్టే ఎఫ్‌డిస్క్ ప్రోగ్రాము 64 జీబీకి మించిన డిస్కును తప్పుగా, 64 తీసేయగా మిగిలిన సైజుగా చూపిస్తుంది. డిస్కు పోలేదు, లెక్క తప్పింది.

నా ఎంపిక ఐడీఈ (పాత హార్డ్ డిస్కులను బోర్డుకు తగిలించే పద్ధతి) అడాప్టర్‌లో కాంపాక్ట్ ఫ్లాష్ మెమరీ కార్డు. అది స్వతహాగా ఐడీఈ భాషే మాట్లాడుతుంది, శబ్దం ఉండదు.

విండోస్‌లో పాటలు వస్తాయి, డాస్ గేములో మూగ

అందరూ ఎక్కువ రోజులు పోగొట్టుకునేది ఇక్కడే. పీసీఐ సౌండ్ కార్డు ఎంత ఖరీదైనదైనా, డాస్ గేము దృష్టిలో అది సౌండ్ బ్లాస్టర్ (ఆ గేములు ఎక్కువగా ఆశించే సౌండ్ కార్డు రకం) కాదు. డ్రైవర్ నటిస్తుంది, ఒక్కో గేము ఆ నటన నమ్ముతుంది, ఒక్కోటి నమ్మదు. డాస్ కోసం ఐఎస్ఏ కార్డే పెట్టండి.

ఐఎస్ఏ కార్డు పెట్టినా మూగేనా? డాస్ మొదలవగానే నడిచే ఆటోఎగ్జెక్ ఫైల్లో బ్లాస్టర్ లైను చూడండి. సౌండ్ బ్లాస్టర్ 16కు మామూలుగా ఏ220 ఐ5 డీ1 హెచ్5 టీ6 (కొట్టేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే). 220 పోర్టు (కార్డు అడ్రసు), 5 ఐఆర్‌క్యూ (కార్డు ప్రాసెసర్‌ను పిలిచే లైను), 1 డీఎంఏ (ర్యామ్‌తో నేరుగా డేటా మార్చుకునే దారి). గేము సెటప్‌లోనూ ఇవే అంకెలు ఇవ్వాలి. ఐఆర్‌క్యూ 5ను ఏదైనా పీసీఐ కార్డు లాక్కుంటే బయాస్‌లో ఆ నంబరును లెగసీ ఐఎస్ఏకు కేటాయించండి.

ఈఎస్ఎస్ 1868 చిప్ కార్డు ఉన్నవాళ్లు సెటప్‌లో "సౌండ్ బ్లాస్టర్ 16" ఎంచుకుని తిట్టుకుంటారు. అది సౌండ్ బ్లాస్టర్ ప్రో వేషం మాత్రమే వేయగలదు. ప్రో ఎంచుకోండి, మోగుతుంది.

తుపాకీ శబ్దాలు వస్తున్నాయి, సంగీతం లేదంటే అది సౌండ్ కార్డు తప్పు కాదు. 1996 నాటి క్వేక్ లాంటి గేముల్లో సంగీతం సీడీ మీద ఆడియో ట్రాకులుగా ఉంటుంది. సీడీ డ్రైవ్ నుంచి సౌండ్ కార్డుకు సన్నటి ఆడియో వైరు వెళ్లాలి. వైరు ఉన్నా రాకపోతే మీ కాపీ సీడీలో డేటా మాత్రమే ఉందేమో చూడండి. సీడీ కాపీగా దాచుకునే ఐఎస్ఓ ఫైల్లో ఆడియో ట్రాకులు రావు, బిన్, క్యూ ఫైళ్ల జంట కావాలి.

గేము పిచ్చి వేగంతో పరుగెడుతోంది

1990 నాటి వింగ్ కమాండర్ లాంటివి ప్రాసెసర్ ఎంత వేగమైతే అంత వేగంగా నడుస్తాయి. బయాస్‌లో ఇంటర్నల్ క్యాష్ (ప్రాసెసర్ లోపలి వేగమైన మెమరీ) ఆపేస్తే పెంటియం 3 కూడా 386లా నీరసపడిపోతుంది. ఆడటం అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మరిచిపోతే విండోస్ లేచేలోపు కాఫీ తాగి రావచ్చు.

"రన్‌టైమ్ ఎర్రర్ 200" వస్తే అది టర్బో పాస్కల్ అనే ప్రోగ్రామింగ్ సాధనంతో రాసిన ప్రోగ్రాము. మొదలవగానే ప్రాసెసర్ వేగం కొలుచుకుంటుంది. సుమారు 200 మెగాహెర్ట్జ్ దాటితే లెక్క పట్టక పడిపోతుంది. దీనికి ప్యాచ్‌లున్నాయి, పార్టులు మార్చక్కర్లేదు.

గేము శబ్దం వినిపిస్తోంది, స్క్రీన్ నల్లగా ఉంది

1998 నాటి వూడూ 2 గ్రాఫిక్స్ కార్డు కొన్నవాళ్ల ప్రశ్న. అది త్రీడీ మాత్రమే గీస్తుంది, మామూలు స్క్రీన్ కోసం ఇంకో గ్రాఫిక్స్ కార్డు ఉండాలి. ఆ కార్డు నుంచి పొట్టి వీజీఏ కేబుల్ వూడూలోకి, వూడూ నుంచి మానిటర్‌కు. మీ మానిటర్ ఇంకా మొదటి కార్డుకే తగిలించి ఉంది, వెనక్కి వెళ్లి చూడండి.