రకరకాల బండ్ల భాగాలతో కూర్చిన పాత పికప్: సెల్ఫ్ నీరసంగా తిరిగితే ముందు ఎర్త్ చూడండి

ఒక బండి ఛాసిస్ మీద మరో బండి ఇంజన్‌ను, ఇంకో బండి క్యాబిన్‌ను బిగించి తయారుచేసిన పికప్‌లలో ఈ లక్షణాలు పదే పదే కనిపిస్తాయి. సెల్ఫ్ బరువుగా తిరుగుతుంది, లేదా టక్కుమని ఆగిపోతుంది. హెడ్‌లైట్లు వేయగానే టెంపరేచర్ ముల్లు పైకి లేస్తుంది, ఇండికేటర్ వేస్తే ఇంధనం ముల్లు దాని లయకు తగ్గట్టు ఊగుతుంది. ఇది చూసి చాలామంది ముందు బ్యాటరీ, తర్వాత సెల్ఫ్ మోటారు, ఆపైన ఆల్టర్నేటర్ మారుస్తారు. కరెంటు బ్యాటరీ నెగెటివ్‌కు తిరిగి చేరే దారైన ఎర్త్ తీగను మాత్రం ఎవరూ ముట్టుకోరు.

బ్యాటరీ టెర్మినళ్లు శుభ్రంగా, గట్టిగా ఉండి, బండి ఆపి ఉంచినప్పుడు దాదాపు 12.6 వోల్టులు చూపిస్తే బ్యాటరీ ఛార్జి నిండుగా ఉన్నట్టే, అయితే సెల్ఫ్ కొట్టినప్పుడు బ్యాటరీ పోస్టుల మధ్యే వోల్టేజీ బాగా పడిపోతే బ్యాటరీనీ అనుమానించాలి.

ఇంజన్ రబ్బరు మౌంటింగుల మీద, క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటాయి. రబ్బరు గుండా కరెంటు పారదు కాబట్టి ఇంజన్, ఛాసిస్, క్యాబిన్ ఒకదానితో ఒకటి కలవాలంటే వాటి మధ్య ప్రత్యేకంగా ఎర్త్ పట్టీలు ఉండాలి. పాత బండి నుంచి ఇంజన్ దించేటప్పుడు ఆ పట్టీ అక్కడే ఉండిపోతుంది, లేదా తెగిపోతుంది. కొత్త ఛాసిస్‌లో దానికి చోటు ఉండదు కాబట్టి లేదన్న సంగతే ఎవరికీ తోచదు. దీనికి తోడు ఛాసిస్‌కు శ్రద్ధగా వేసిన కొత్త పెయింటు బోల్టుల కింద కూడా చేరి, ఉన్న కాస్త సంబంధాన్నీ తెంచేస్తుంది. అందుకే పెయింటు వేయకముందు బాగా స్టార్టయిన బండి, వేశాక మొరాయిస్తుంది. సెల్ఫ్ లాగే 100 ఆంపియర్లకు పైబడిన కరెంటు అప్పుడు యాక్సిలరేటర్ కేబుల్ గుండానో, గేరు రాడ్ల గుండానో తిరుగు దారి వెతుక్కుంటుంది. కేబుల్ వేడెక్కి లోపలి ప్లాస్టిక్ కరిగితే నడుస్తున్న బండిలో యాక్సిలరేటర్ బిగుసుకుపోతుంది. కేబుల్ మళ్లీ మళ్లీ పాడవుతున్న బండిని ఎర్త్ చూడకుండా రోడ్డెక్కించవద్దు.

మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో (నిరోధం కొలిచే స్కేలులో) పెట్టి చూస్తే ఈ లోపం దొరకదు, ఎందుకంటే తీగలో ఒకే ఒక్క పోగు మిగిలినా, లోడు లేనప్పుడు అది సున్నాకు దగ్గరగానే చూపిస్తుంది. డీసీ 20 వోల్టుల స్కేలులో ఒక మొనను బ్యాటరీ నెగెటివ్ సీసపు పోస్టుకే (క్లాంపుకు కాదు), రెండోదాన్ని ఇంజన్ మీద మెరిసే లోహానికి ఆనించి, ఇంజన్ స్టార్టు కాకుండా ఇగ్నిషన్ కాయిల్ తీగ ఊడదీసి, మరొకరి చేత సెల్ఫ్ కొట్టించండి. 0.2 వోల్టుల లోపు ఉంటే ఎర్త్ బాగున్నట్టే, 0.5 దాటితే లోపం అక్కడే ఉంది. ఇదే పరీక్షను హెడ్‌లైట్లు వేసి క్యాబిన్ లోహం దగ్గర కూడా చేయండి.

పాజిటివ్ కేబుల్ ఎంత మందమో అంత మందం ఉన్న కేబుల్‌ను బ్యాటరీ నెగెటివ్ నుంచి నేరుగా ఇంజన్ బ్లాకుకు వేయాలి. అక్కడి నుంచి ఛాసిస్‌కు ఒక పట్టీ, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కు మరొకటి, వెనుక తొట్టికి లైట్లు ఉంటే దానికీ ఒకటి వేయాలి. ప్రతి చోటా లగ్గు (కేబుల్ చివరి లోహపు బిళ్ల) కూర్చునేంత మేర పెయింటును లోహం మెరిసేదాకా గీకి, పళ్ల వాషర్ వేసి బిగించి, ఆ తర్వాతే తుప్పు పట్టకుండా పైన గ్రీజు పూయాలి. పలుచటి రేకులోకి బిగించిన స్క్రూను ఎర్త్‌గా నమ్మవద్దు.

ఇంత చేశాక కూడా ఇంధనం ముల్లు తలకిందులుగా చూపిస్తే అది ఎర్త్ లోపం కాదు. చాలా జీఎం (జనరల్ మోటార్స్) ట్యాంకు సెండర్లు, అంటే ట్యాంకులో ఇంధనం మట్టాన్ని మీటరుకు తెలిపే పరికరాలు, ఖాళీకి 0, నిండుకు 90 ఓమ్స్ ఇస్తాయి. పాత ఫోర్డ్ సెండర్లలో ఖాళీకి 73, నిండుకు 10 ఓమ్స్ ఉంటాయి. మీటరు, సెండర్ ఒకే జతవి తెచ్చుకోండి.

సెల్ఫ్ నీరసంగా కాక గరగరమని తిరిగితే ఫ్లైవీల్ పళ్లు, సెల్ఫ్ పినియన్ పళ్లు ఒకదానికొకటి సరిపోతున్నాయో లేదో చూడండి. వైరింగు లోపల ఎక్కడో తెగడం, ఇగ్నిషన్ స్విచ్ పాడవడం వంటివి అరుదు. ఎర్త్ పరీక్ష పూర్తయ్యేదాకా వాటి జోలికి వెళ్లనక్కరలేదు.