పత్తిలో తెల్లదోమ: మందు కొట్టేముందు ఆకు తిప్పి చూడండి

మా ఆదోని వైపు నల్లరేగడిలో చెట్టు కదిలిస్తే తెల్లదోమ లేచిందంటే చాలు, ట్యాంకు వీపుకు తగిలించుకుంటారు. లేచేది పెద్ద దోమ. కదలకుండా రసం పీల్చే పిల్లలు ఆకు అడుగున ఉంటాయి. ముందు వాటిని చూడండి.

ఎండ ముదరకముందే పోండి, అప్పుడు దోమ అంత చురుగ్గా ఎగరదు. నేనైతే భూతద్దానికి దారం కట్టి మెడలో వేసుకుంటా. ఆకు తెంపొద్దు, కాడ పట్టుకొని మెల్లగా తిప్పాలి. ఒక్కో చెట్టుకు పైన, నడుమ, కింద చూడండి.

పైన లేతాకుల్లో పెద్ద దోమలు, గుడ్లు. గుడ్డుకుండే సన్నని కాడ ఆకులోకి దిగి నీరు పీల్చుకుంటుంది. పిల్ల బయటికొచ్చి కాస్త పాకి, సూదిమూతి దింపిందంటే ఇక కదలదు. చెట్టు పెరిగేకొద్దీ ఆ ఆకు కిందికవుతుంది కాబట్టి పిల్లల్ని నడిమి ఆకుల్లో వెతకాలి. లేత పసుపు పొలుసుల్లా చదునుగా ఉంటాయి. ఎర్రటి కళ్లు కనబడితే అది తిండి మానేసి రెక్కలు తెచ్చుకుంటోందని అర్థం. చీలిక పడిన తెల్ల పెంకులు ఒట్టివి, లెక్కపెట్టొద్దు.

ఆకు రసంలో చక్కెర ఎక్కువ, మాంసకృత్తులకు ముడిసరుకైన అమైనో ఆమ్లాలు తక్కువ. పిల్లకు ఒళ్లు పెరగాలన్నా, పెద్దదానికి గుడ్లు కావాలన్నా ఆ అమైనో ఆమ్లాలే దిక్కు. లోటులో కొంత దాని ఒంట్లో కాపురముండే సూక్ష్మజీవులు తయారుచేసి పెడతాయి. ఇంత చిన్న ప్రాణికి ఇంత ఏర్పాటా అని నాకిప్పటికీ ఆశ్చర్యమే! మిగతా లోటు కోసం అది రసం తెగ పీల్చి, అక్కర్లేని చక్కెరను జిగురుగా వదిలేస్తుంది. కింది ఆకులు జిగటగా, మసి పట్టినట్టు ఉంటే పైఆకుల అడుగున చూడండి. పగిలిన కాయ మీద ఆ జిగురు పడితే దూది అంటుకుపోయి రేటు పడిపోతుంది.

వాన పడిందని యూరియా బస్తాలకు బస్తాలు చల్లితే చెట్టు లేతగా సాగి, రసంలో అమైనో ఆమ్లాలు పెరుగుతాయి. దోమకు మనమే విందు పెట్టినట్టు. యూరియాను దఫదఫాలుగా వేయండి, పొటాష్ మానొద్దు. పొటాష్ చాలకపోయినా అమైనో ఆమ్లాలు మాంసకృత్తులుగా మారక రసంలోనే నిలిచిపోతాయి.

పెద్ద దోమలకు పసుపు జిగురు అట్టలు పెట్టండి. చిన్న పిల్లలుంటే 5 శాతం వేపగింజల కషాయం, అదీ ఆకు అడుగు తడిసేలా. సింథటిక్ పైరిథ్రాయిడ్ రకం పురుగుమందుల జోలికి పోవద్దు, దోమను తినే అక్షింతల పురుగులు చచ్చి దోమ ఇంకా ఎక్కువవుతుంది. చెట్టు రసంలో కలిసి పనిచేసే మందు ఎర్రకళ్ల దశకు అందదు, అది తాగడమే లేదు కదా. వాటిలోంచి దోమలు వచ్చి గుడ్లు పెట్టాక, కొత్త పిల్లలు కనబడ్డప్పుడు చూసుకొని కొట్టండి.