వంద దాకా చెప్పే పాప ఆరు మూతలు ఇవ్వలేకపోతే: యూకేజీ లెక్కల్లో చిక్కులు

జూన్‌లో మా యూకేజీకి ఏ అమ్మ వచ్చినా మొదటి మాట ఒకటే: "మా పాపకు హండ్రెడ్ దాకా వచ్చండీ." వస్తుంది, పాటలాగా. ఆ పాట వెనక లెక్క ఉందో లేదో రాత పరీక్షలో తేలదు. పది కూల్‌డ్రింక్ మూతలు ముందు పెట్టుకుని పాప పక్కన ఐదు నిమిషాలు కూర్చుంటే తేలుతుంది. (చింతపిక్కలు వద్దు. ముక్కులో పెట్టుకుంటారు, మా క్లాసులో అయింది.)

సమస్య: గడగడా లెక్కపెడుతుంది, "ఆరు ఇవ్వమ్మా" అంటే గుప్పెడు తీసి ఇస్తుంది

కారణం: చివర పలికిన అంకే మొత్తం ఎన్నో చెబుతుందని పాపకు ఇంకా తెలియదు. గెల్మన్, గాలిస్టెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1978లో చెప్పిన ఐదు లెక్కింపు సూత్రాల్లో ఇదొకటి. ఐదు మూతలు లెక్కపెట్టాక "ఎన్ని ఉన్నాయి?" అని అడగండి. జవాబు చెప్పకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే అనుమానం ఇక్కడే.

పరిష్కారం: "ఎన్ని?" ఒక్కటే నమ్ముకుంటే మోసపోతాం. చివరి అంకెను తిరిగి చెప్పడం కొందరు అలవాటుగా నేర్చేస్తారు. అందుకే "ఇవ్వు" అని అడగాలి. ముందు ఒకటి, తర్వాత రెండు, మూడు. తప్పినచోట ఒకటి తగ్గించి మళ్లీ అడగండి. మూడు సరిగ్గా ఇచ్చి నాలుగు దగ్గర గుప్పెడు తీస్తే ఆ పాప ఉన్నది మూడు దగ్గర, వంద దగ్గర కాదు. పని అక్కడే మొదలుపెట్టండి. నాలుగు మూతలు కలిసి లెక్కపెట్టి, వాటి చుట్టూ చేయి తిప్పి "మొత్తం నాలుగు" అనండి. నెల పట్టినా టెన్షన్ పడొద్దు.

సమస్య: ఐదు మూతలుంటే ఏడంటాడు

వేలు ఒకచోట, నోరు ఇంకోచోట. లెక్కపెట్టినదాన్ని పక్కకు జరపమనండి. అయినా తప్పితే కోడిగుడ్ల అట్ట ఇచ్చి గుంటకొకటి వేయించండి. మన వామనగుంటలు చేయించేదీ ఇదే పని.

సమస్య: ఇంట్లో అన్నీ చెబుతుందట, క్లాసులో నోరు విప్పదు

కారణం చాలాసార్లు భాష. అమ్మమ్మ "ఎన్ని?" అంటుంది, మనం "హౌ మెనీ?" అంటాం. తెలుగులో మరో మెలిక ఉంది: వస్తువులు నాలుగైతే మనుషులు నలుగురు. "మీ ఇంట్లో ఎంతమంది?" అంటే "నాలుగు" అన్న పాపకు లెక్క వచ్చినట్టే, రావలసింది మాట. ఇంటి భాషలో అడిగి, ఏ భాషలో చెప్పిందో రాసుకోండి. 14ను 41 అని రాస్తుంటే కూడా ఒకసారి చెవి పెట్టండి: "ఫోర్టీన్"లో నాలుగు ముందు వినబడుతుంది, "పద్నాలుగు"లో పది.

సమస్య: 3ను తిప్పి రాస్తాడు

ఈ వయసులో మామూలే. కార్డుల్లోంచి 3 తీయమనండి. తీస్తే గుర్తింపు వచ్చినట్టు, రాత ఇంకా రావాలి. రెండూ వేరువేరుగా రాసుకోండి.

సమస్య: రిజిస్టర్ నిండా టిక్కులు, ఎవరికి ఏం రాదో మాత్రం తెలియదు

కారణం: "1–50 వచ్చు" లాంటి గళ్లు, వాటిని టర్మ్ చివర ఒక్క మధ్యాహ్నంలో నింపేయడం. నేనూ నింపాను.

పరిష్కారం: ఒక్కొక్కరికి ఒక పేజీ. తేదీ, అడిగింది, చేసింది, అంతే. ఉదాహరణకు: "జులై 15. ఐదు ఇవ్వమన్నాను. నాలుగిచ్చింది. మళ్లీ లెక్కపెట్టుకుని తనే ఒకటి కలిపింది." ఆ చివరి వాక్యం ఏ టిక్కులోనూ పట్టదు. మీరు సాయం చేస్తే పక్కన "సా" అని వేయండి, లేకపోతే మన తెలివి వాళ్ల ఖాతాలో పడుతుంది. రోజుకు ఐదుగురిని చూస్తే పాతికమంది క్లాసు ఒక వారంలో అయిపోతుంది. ఆరు వారాలకోసారి చాలు.

"వంద దాకా ఎందుకు రాయించలేదు?" అని పైనుంచి అడిగితే, 2021లో మొదలైన నిపుణ్ భారత్ (చిన్న తరగతుల పిల్లలకు చదవడం, లెక్కలు వచ్చేలా కేంద్ర ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం) చూపించండి. ఒకటో తరగతికి ముందు ఏడాది, అంటే బాలవాటికకు, అందులో పెట్టిన అంకెల లక్ష్యం 10 దాకా గుర్తించి చదవడం, వస్తువుల్నీ అంకెల్నీ వరుసలో పెట్టడం.

అమ్మలకు ఆ పేజీ చూపించడం మొదలుపెట్టాక హండ్రెడ్ మాట తగ్గింది. "ఇంట్లో ఏం చేయించమంటారు?" అని అడుగుతున్నారు. రాత్రి భోజనానికి ఎంతమంది కూర్చుంటే అన్ని కంచాలు పాపతోనే పెట్టించమంటున్నాను.