తెరలు, శ్రుతి, తీగలు: సురభి తరహాలో పౌరాణిక నాటకం ఆడించడం

పౌరాణిక నాటకంలో జనం లేచిపోవడం మొదలయ్యేది రంగానికీ రంగానికీ మధ్య. దీపాలు ఆర్పి, లోపల బల్లలు ఈడుస్తున్న చప్పుడుతో నాలుగైదు నిమిషాలు గడిచాయంటే, ఆ తర్వాత ఎంత గొప్ప కృష్ణుడు వచ్చినా సగం కుర్చీలు ఖాళీగానే ఉంటాయి. సురభి నాటక కుటుంబాల వారు ఆ ఖాళీ రాకుండా నాటకాన్ని నడిపే పద్ధతి పట్టుకున్నారు. ఊరి కమిటీ అయినా, కొత్తగా పెట్టుకున్న నాటక సమాజం అయినా వాళ్ళ దగ్గర ముందు నేర్చుకోవాల్సింది అదే. మాయలూ మంత్రాలూ తర్వాత.

ఈ పద్ధతి ఎక్కడిదో రెండు మాటల్లో చెప్పుకోవాలి. 1880 ప్రాంతంలో ధార్వాడ నాటక సమాజం తెలుగు ఊళ్ళలో తిరిగింది. దాని వెనకే పార్శీ కంపెనీల రంగుల తెరలు, వేదిక పక్కన నటులు దాగే వింగులు మనకు అలవాటయ్యాయి. బళ్ళారిలో ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరసవినోదినీ సభ పెట్టి నాటకంలో పద్యానికీ పాటకూ పీట వేశారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ఆధ్వర్యంలో ‘కీచక వధ’ ఆడారు. ఆ కుటుంబాలు అంతకుముందు తోలుబొమ్మలు ఆడించినవి. తెర వెనక కూర్చుని, పాడుతూ, ఒకే చేత్తో రెండు పనులు చేయడం వాళ్ళకు పుట్టుకతో వచ్చిన విద్య. మిగతా సమాజాల్లో మగవాళ్ళే ఆడవేషాలు కడుతున్న రోజుల్లో సురభిలో ఆడవాళ్ళే రంగం ఎక్కారు. కుటుంబం మొత్తం కంపెనీ అయిపోవడంతో నటులకు, తాళ్ళు లాగేవాళ్ళకు విడివిడిగా జీతాలు ఇవ్వాల్సిన అవసరం రాలేదు. రంగంలో లేని మనిషి తెర దగ్గర ఉంటాడు. నూట నలభై ఏళ్ళు నడిచిన లెక్క ఇది.

ముందు రంగం, వెనక రంగం

వేదిక ముప్పై అడుగుల వెడల్పు, ఇరవై నాలుగు అడుగుల లోతు ఉంటే హాయిగా సరిపోతుంది. ముందు తెర నుంచి ఏడు అడుగుల వెనక ఒక తెర, పదమూడు అడుగుల దగ్గర రెండోది, ఇరవై అడుగుల దగ్గర మూడోది. ఆ వెనక మిగిలిన నాలుగు అడుగులు మనుషులు అటూ ఇటూ పోవడానికి. ఈ దారిని సామాను పెట్టి మూసేయడం చాలామంది చేసే పొరపాటు. కుడివైపు నుంచి వెళ్ళిన నారదుడు ఎడమవైపు నుంచి రావాలంటే అప్పుడు ప్రేక్షకుల ముందునుంచే నడవాల్సి వస్తుంది.

మొదటి తెర ముందున్న ఏడు అడుగుల్లో జరిగేది ముందు రంగం: వీధి, అడవి దారి, కోట గుమ్మం. ఇక్కడ సామాను ఏమీ ఉండకూడదు, నిలబడి ఆడే రంగాలే పెట్టాలి. సింహాసనాలు, ఊయల, ఆశ్రమం లాంటివన్నీ వెనక రంగాలు. నాటకం రాతప్రతి తీసుకుని ప్రతి రంగం పక్కన ‘ము’ అనో ‘వె’ అనో రాయండి. రెండు ‘వె’లు వరసగా వస్తే అక్కడ నాటకం ఆగుతుందని అర్థం. ‘మాయాబజార్’లో శశిరేఖ అంతఃపురం వెనక రంగం. సుభద్ర, అభిమన్యుడు అడవిలో నడవడం ముందు రంగం. అడవి తెర ముందు తల్లీకొడుకులు మాట్లాడుకుంటుంటే, వెనక అంతఃపురం ఊడదీసి ఘటోత్కచుడి చోటు సిద్ధం చేస్తారు. తెర లేవగానే గర్జన.

వెనక మార్పుకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి చూడండి. ఆరు నిమిషాలు పడితే ముందు రంగం కనీసం ఏడు నిమిషాలు నడవాలి. నడవకపోతే పద్యం ఒకటి పెంచండి, లేదా హాస్యం పెట్టండి. పాత నాటకాల్లో కథతో సంబంధం లేని హాస్య సన్నివేశాలు అన్ని ఎందుకున్నాయని విమర్శకులు విసుక్కుంటారు గానీ, వాటిలో చాలా భాగం తెర వెనక వాళ్ళకు ఊపిరి ఇవ్వడానికి పెట్టినవే. బల్లల కాళ్ళకు పాత సైకిల్ ట్యూబు ముక్కలు తొడిగితే చప్పుడు బయటకు రాదు.

చుట్టుతెర

కింది గొట్టానికి చుట్టుకుంటూ పైకి లేచే తెర ఇది. ఇరవై నాలుగు అడుగుల వెడల్పు, పద్నాలుగు అడుగుల ఎత్తు తెరకు 48 అంగుళాల పన్నా (వెడల్పు) కోరా గుడ్డ 33 మీటర్లు కొనండి. ముందు తడిపి ఆరబెట్టాలి, కోరా గుడ్డ తడిస్తే ముడుచుకుంటుంది. తర్వాత ఇరవై అయిదు అడుగుల ముక్కలు నాలుగు కోసి, కుట్లు అడ్డంగా వచ్చేలా కలపాలి. నిలువు కుట్లు వేస్తే చుట్టేటప్పుడు కుట్టు మీద కుట్టు పడి అక్కడ ఉబ్బుతుంది, తెర ముడతలు పడుతుంది.

రంగు వేయకముందే గుడ్డకు మంట అంత తొందరగా అంటుకోకుండా చేసుకోవాలి. పది లీటర్ల గోరువెచ్చని నీళ్ళలో 700 గ్రాముల వెలిగారం (బోరాక్స్), 300 గ్రాముల బోరిక్ ఆమ్లం కరిగించి గుడ్డ పూర్తిగా తడిసేలా ముంచి ఆరేయాలి. రంగు వేశాక చేద్దామంటే జిగురు రంగులు కరిగి కారిపోతాయి. ఒకసారి వానలో తడిసిన తెరలో ఈ మందు నిలవదు. అంచున చిన్న ముక్క కోసి, ఆరుబయట అగ్గిపుల్ల పెట్టి చూసుకోండి. మంట తీయగానే ఆరిపోతే మందు ఉన్నట్టు.

పై అంచు కర్రకు, కింది అంచు గొట్టానికి. వెదురు నడుమ వంగుతుంది. మూడు అంగుళాల అల్యూమినియం గొట్టం, రెండు వైపులా గుడ్డ దాటి అడుగు చొప్పున బయటకు వచ్చేలా ఇరవై ఆరు అడుగులు. గుడ్డ గొట్టం ముందు వైపు నుంచి, తాడు వెనక వైపు నుంచి పైకి పోవాలి. రెండూ ఒకే వైపు ఉంటే ఎంత లాగినా తెర చుట్టుకోదు. తెర కిందికి ఉన్నప్పుడు గొట్టం చివర్ల మీద తాడు పద్దెనిమిది చుట్లు ఉండాలి, అవి పక్కపక్కన పడాలి. ఒకదాని మీద ఒకటి ఎక్కితే తెర వంకరగా లేస్తుంది. సగం తెరలు ఇరుక్కునేది ఇందుకే.

రెండడుగులు లాగితే తెర ఒక అడుగు లేస్తుంది. అంటే పద్నాలుగు అడుగుల తెరకు ఇరవై ఎనిమిది అడుగులు లాగాలి. ఈ లెక్క తెలియక తాడు పొట్టిగా కోసి, చివర ముడులు వేస్తారు, ఆ ముడి కప్పీలో చిక్కుతుంది. దగ్గర చివరకు నలభై అయిదు అడుగులు, దూరపు చివరకు డెబ్బై అయిదు అడుగులు కొనుక్కోండి. రెండు తాళ్ళనూ ఒకే ముడిలో కలిపి ఒకే మనిషి లాగాలి. నూలు తాడు మంచుకు బిగుసుకుపోతుంది, రాత్రి పదకొండుకు ఒకసారి సరిచూడాలి.

శ్రుతి

నటుల్ని కుదుర్చుకునే రోజే ఎవరు ఏ శ్రుతిలో పాడతారో రాసుకుని హార్మోనిస్టుకు ఇవ్వండి. రంగం మీద తేల్చుకుందాం అనుకుంటే మొదటి పద్యంలోనే గొంతు చిక్కుతుంది. హార్మోనియం మెట్ల లెక్కలో మగనటులు నాలుగు, నాలుగున్నర దగ్గర పాడతారు, ఐదు ఎక్కేవాళ్ళూ ఉన్నారు. ప్రతి శ్రుతికీ ఒక తబలా మోయనక్కర్లేదు. నాలుగున్నర పాడే కృష్ణుడికి ఒకటిన్నర శ్రుతి కుడి తబలా పంచమంగా (అతని ‘పా’గా) పలుకుతుంది. ఐదు పాడే అర్జునుడికి రెండు శ్రుతి తబలా అలాగే సరిపోతుంది. ఒకే రంగంలో ఇద్దరూ మార్చి మార్చి పద్యాలు పాడేటట్టయితే రెండూ పక్కన పెట్టుకోవాలి. మధ్యలో ఒక వచనం వాక్యం ఉంచితే చేయి మార్చుకునే వీలు దొరుకుతుంది.

పద్యానికి తాళం లేదు. తబలా పద్యం చివర, ఎత్తుగడల (పాదం ఎత్తుకునే చోట్ల) మధ్య పూరింపుకు మాత్రమే. పద్యం సాగుతుంటే ఠేకా (తాళపు వరస) పట్టే తబలావాడు నటుణ్ణి తన దారికి లాగుతున్నట్టే. హార్మోనిస్టుకు నటుడి పెదవులు కనిపించాలి. వింగు లోపల మూలన కూర్చోబెడితే ఎత్తుగడ ఎక్కడో, ఊపిరి ఎక్కడో తెలియక వెంటబడుతూ ఉంటాడు. వేదిక అంచున పక్కగా కూర్చోబెట్టండి.

రాగాలాపనతో ఒక సీసపద్యం, కింద వచ్చే చిన్న గీతపద్యంతో సహా, నాలుగు నిమిషాలు అవుతుంది. నలభై పద్యాల నాటకం అంటే పద్యాలకే రెండున్నర గంటలు దాటుతుంది. వన్స్‌మోర్‌లు దీనికి అదనం. ఒక్కో నటుడికి రాత్రి మొత్తానికి ఒక్క వన్స్‌మోర్ అని ముందే ఒప్పుకోవాలి. పేరున్న నటుల్ని ఒక్క రాత్రికి కుదుర్చుకుని ఆడించే కాంట్రాక్టు నాటకాల్లో, ఒకే పాత్రను పంచుకున్న మొదటి కృష్ణుడు, రెండో కృష్ణుడు పోటీపడి పాడుతుంటే కథ ఎక్కడుందో ఎవరికీ పట్టని రోజులు వచ్చాయి. ఆ పోటీ చూడ్డానికే జనం వచ్చారన్నదీ నిజమే. అది కావాలనుకుంటే ఆ నాటకమే వేయండి, సురభి తరహా మాత్రం కాదది.

తీగ పని

గాలిలో వచ్చే నారదుడికి బైండింగ్ తీగ, సైకిల్ బ్రేకు తీగ వాడొద్దు. మనిషి బరువుకు కనీసం పది రెట్లు ఆగాలి. అయిదు మిల్లీమీటర్ల సన్నపోగుల ఉక్కు తాడు టన్నుకు పైగా ఆగుతుంది, అదే కనీస కొలత. దానికి పది సెంటీమీటర్లకు తగ్గని కప్పీ కావాలి. చిన్న కప్పీ మీద వంగి వంగి లోపలి పోగులు తెగుతాయి, పైకి ఏమీ కనిపించదు. చివర మడిచి మూడు క్లాంపులు బిగించాలి. క్లాంపులో గాడి ఉన్న జీను భాగం బరువు మోసే పాయ మీద, ‘యు’ బోల్టు తెగ్గోసిన పాయ మీద ఉండాలి. తిరగేస్తే పట్టు బాగా తగ్గిపోతుంది. కొక్కెం ఇనుప దూలానికే, వెదురు పందిరికి ఎప్పుడూ కాదు.

నడుముకు బెల్టు కట్టి ఎత్తితే ఊపిరి ఆడదు, తలకిందులయ్యే ప్రమాదం కూడా ఉంది. దుస్తుల లోపల ఒళ్ళంతా పట్టే హార్నెస్ వేయాలి. ఒకే తీగ అయితే మనిషి గింగిరాలు తిరుగుతాడు, రెండు తుంటి వైపుల నుంచి రెండు తీగలు పెట్టాలి. ఆ సాయంత్రమే వేషధారి బరువుకు రెట్టింపు ఇసుక బస్తాలు ఎత్తి పది నిమిషాలు వేలాడదీసి చూడండి. చిన్నపిల్లవాడు కదా అని ఇందులో ఏదీ తగ్గించొద్దు. తీగ కనిపించకూడదంటే మెరవని నల్ల రంగు పూసి, పక్క లైట్లు తీసేసి, వెనక ముదురు మబ్బుల తెర దించాలి.

ఎదురెదురు బాణాలు దీనికంటే తేలిక. రెండు వింగుల నుంచి వేదిక నడుమకు సన్నని తీగలు బిగించి, ఉంగరాలతో బాణాలు వేలాడదీసి, దారంతో లాగుతారు. బాణం మొనకు రెండంగుళాల కాకరపువ్వొత్తి ముక్క. రెండు వైపులా ఇసుక బకెట్లు, తడి గోనెపట్టాలు ఉండాలి. తెర నాలుగు అడుగుల దూరంలో ఉండాలి.

రంగుల పెట్టెలో ముర్దార్‌సింగి, అర్దళం కనిపిస్తే తీసి పారేయండి. మొదటిది సీసం, రెండోది పాషాణం. పాత వేషగాళ్ళు ఏళ్ళ తరబడి అవే పూసుకున్నారు. ఇప్పుడు పాన్‌కేక్ మేకప్ దొరుకుతుంది.

మనుషులు, అనుమతులు

తెరల దగ్గర ఇద్దరు, సామానుకు ఇద్దరు, లైట్లకు, మైకులకు ఒక్కొక్కరు, అందింపుకు (మరిచిపోయిన మాట అందించడానికి) ఒకరు. ఇంతమంది దొరక్కపోతే సురభి పద్ధతే: వేషం లేని నటుల పేర్లు రంగం వారీగా రాసి గోడకు అంటించండి. కానీ కిరీటం, భుజకీర్తులు ఉన్నవాళ్ళకు తాడు అప్పగించొద్దు, నగ చిక్కుకుంటుంది. ముఖ్యవేషం పద్యాలు కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి.

రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 నాటి ధ్వని నిబంధనలు. పండుగ రోజుల్లో అర్ధరాత్రి దాకా ప్రభుత్వం సడలించవచ్చు, అది ఏడాదికి పదిహేను రోజులకు మించదు. తెల్లవార్లూ నాటకం అనే మాట ఇక మర్చిపోయి, ఏడుకు తెర లేపండి.

హక్కుల సంగతి కూడా చూసుకోవాలి. రచయిత పోయిన తర్వాతి ఏడాది మొదలు అరవై ఏళ్ళు హక్కు ఉంటుంది. తిరుపతి వేంకట కవుల్లో చెళ్ళపిళ్ళ వారు 1950లో పోయారు కాబట్టి వారి పాండవ నాటకాలకు ఇబ్బంది లేదు. బలిజేపల్లి వారి హరిశ్చంద్రకూ లేదు. కానీ కాటి సీనులో పాడే జాషువా పద్యాలకు 2031 చివరి దాకా హక్కు ఉంది, ఆయన 1971లో పోయారు. నాటకం ఉచితం, అందులో అందరూ ఎదురుచూసే పద్యాలు మాత్రం కావు.

ఆట అయిపోగానే తెరలు మడత పెట్టొద్దు. మడత దగ్గర రంగు పగులుతుంది. మంచు తడితో చుట్టేస్తే వారంలో బూజు పడుతుంది కాబట్టి ఆ రాత్రికి అలాగే వేలాడదీసి, మర్నాడు ఉదయం పది గంటల ఎండ తగిలాక గొట్టానికి చుట్టి, పై అంచు మీద తెర పేరు రాసి లారీ ఎక్కించండి. ముందు ఏది కట్టాలో అది చివర ఎక్కాలి.