మళ్లీ బడిబాట పట్టేముందు
ఆంధ్రప్రదేశ్‌లో అన్ని జిల్లాల కంటే చివరగా, 2020 మేలో, కరోనా కేసులు వచ్చింది మా విజయనగరం జిల్లాకే. అయితే ఏం, ఇంట్లో కూర్చోవడం అందరితో పాటు మార్చిలోనే మొదలైంది. నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడి తెరుస్తారనగానే టీచరునైన నాకు రెండు టెన్షన్లు: అర్ధరాత్రి దాటినా పట్టని నిద్ర, కిక్కిరిసిన బస్సు.

తొందరగా పడుకుందామంటే నిద్ర రాదు. అందుకే పడుకునే వేళ వదిలేసి లేచే వేళ పట్టుకున్నాను. ఎప్పుడు నిద్రపోయినా ఆరింటికి లేవడమే. ఫోన్ ముట్టకుండా అయ్యకోనేరు గట్టు మీద నడక. పొద్దుటి వెలుతురు కంట పడితే ఒంట్లో గడియారం సర్దుకుంటుంది, రాత్రికి నిద్ర బేగి వస్తుంది. మధ్యాహ్నం కునుకు మానడమే కష్టమైంది. "కాసేపు నడుం వాల్చమ్మా, ఏటవుతాది?" అనేవారు మా అత్తగారు. ఆవిడకు ఎదురు చెప్పలేక గిన్నెలు తోముతూ కూర్చునేదాన్ని.

బస్సు భయానికి వేరే మందు. బడి తెరవకముందే, మాస్కు పెట్టుకుని, రద్దీ లేని వేళ ఎక్కి, తెరిచిన కిటికీ పక్కన కూర్చుని కాస్త దూరం వెళ్లి దిగేదాన్ని. తర్వాత ఇంకొంచెం దూరం. గుండెదడ తగ్గేదాకా దిగకూడదని నియమం. నాకు అసలు పనిచేసింది ఇదే. దడగా ఉన్నప్పుడే దిగిపోతే మర్నాడు ఎక్కడం మరింత కష్టం.

మాస్కుతో పాఠం చెప్పడం మాత్రం వేరే కథ. గొంతు పోయేది. చివరికి బోర్డు మీద ఎక్కువ రాసి, పిల్లల చేత చదివించడం మొదలుపెట్టాను. వెనక బెంచీ వాళ్లకు అది అస్సలు నచ్చలేదు.