నల్లమల చెంచు గూడెంలో ఆరోగ్య సేవకు కుదురుకోవడం ఎలా?

కర్నూలులో బస్సెక్కి ఆత్మకూరులో దిగి, అక్కడి నుంచి గూడేలకు సేవ చేస్తామని వచ్చినవాళ్లను చాలామందిని చూశాను. సగం మంది మూడో వారానికల్లా తిరుగు బస్సు ఎక్కేస్తారు. అడవికి భయపడి కాదు, చేసిన పని నిలబడక. ఎక్కడ చెడుతుందో చెప్తాను, కానీ ముందు చిన్న పనులు కానిచ్చేద్దాం.

మొదటిది కాగితాలు. శ్రీశైలం ఐటీడీఏ (గిరిజనుల అభివృద్ధి సంస్థ), అటవీ శాఖ, మీ పీహెచ్‌సీ (ప్రాథమిక ఆరోగ్య కేంద్రం) డాక్టరు, ఈ మూడు చోట్లా అనుమతి తీసుకోండి. ఇది నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యం. కాగితం లేకపోతే చెక్‌పోస్టు దాటలేరు.

రెండోది సంచి. దోమతెర, మంచి టార్చి, థర్మామీటరు, ఓఆర్ఎస్, పిల్లల జబ్బ కొలిచే టేపు, మడమ కప్పే బూట్లు చాలు. ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు బిడ్డ జబ్బ 11.5 సెంటీమీటర్ల కంటే తక్కువుంటే ఇంకేం ఆలోచించకుండా పీహెచ్‌సీకి పంపండి. ఓఆర్ఎస్ పొట్లం మొత్తం ఒక్క లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు వేసే తెలివి వద్దు. బిస్కెట్ ప్యాకెట్లు అసలు తీసుకెళ్లొద్దు. ఒకసారి పంచారంటే పిల్లలకు మీరు బిస్కెట్ల సారే, ఆ పేరు ఇక పోదు.

మూడోది, జూన్ మొదటి వారంలోనే వెళ్లాలి. ఎండాకాలంలో మగాళ్లు తేనెకు పోయి గూడెం సగం ఖాళీగా ఉంటుంది. వానలు ముదిరాక వెళ్తే జ్వరాలతో పాటే మీరూ దిగినట్టు అవుతుంది. పేర్లు, ఇళ్లు తెలిసేలోపే దోమల కాలం వచ్చేస్తుంది.

ఇంకోటి, "వాలంటీరును" అని చెప్పుకోకండి. మొన్నమొన్నటిదాకా ఆ మాటకు ఒకటో తారీఖున పింఛను తెచ్చే మనిషని అర్థం. నన్ను ఒక అవ్వ రెండు నెలలు వదల్లేదు. "ఏం నాయనా, నా దుడ్లు యాడికి పోయినాయి?" అని రోజూ అడిగేది. "ఆశా అక్కతో పాటు తిరిగే మనిషిని" అంటే సరిపోతుంది. నిజంగానే మొదటి పది రోజులు ఆమె వెనకాలే నడవండి, ముందు నడవకండి.

ఇప్పుడు అసలు సంగతి. మీ మొదటి మలేరియా రోగి.

వేలి నుంచి రక్తపు చుక్క తీసి కిట్టు మీద వేయడం అరగంటలో నేర్చుకోవచ్చు. కిట్టు మీద రాసిన నిమిషాలు ఆగి చూడాలి, అంతే. అందులో వైవాక్స్ అనే రకం మలేరియా తేలిందనుకోండి. ఏఎన్ఎమ్, అంటే ఊళ్లకు వచ్చే ప్రభుత్వ నర్సమ్మ, క్లోరోక్విన్ మూడు రోజులకు, ప్రిమాక్విన్ పద్నాలుగు రోజులకు ఇస్తుంది. మందు రాసేది, డోసు లెక్కగట్టేది వాళ్లే. మీరు ఆ జోలికి పోవద్దు. మీ పనల్లా పద్నాలుగో రోజు మందు కూడా ఆ మనిషి గొంతు దిగేలా చూడటం. చెడేది సరిగ్గా ఇక్కడే.

ఎందుకంటే మూడో రోజుకే జ్వరం దిగిపోతుంది. నాలుగో రోజు మనిషి గొడ్డలి భుజాన వేసుకుని అడవికి పోతాడు. కానీ వైవాక్స్ క్రిమి కొన్ని కాలేయంలో దాక్కుని నిద్రపోతుంది. క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటినే చంపుతుంది, ఆ నిద్రపోయేవాటి జోలికి పోదు. వాటికి ప్రిమాక్విన్ కావాలి, పూర్తిగా కావాలి. మధ్యలో వదిలేస్తే కొన్ని వారాలకో నెలలకో అవి నిద్రలేస్తాయి. అప్పుడు గూడెం మొత్తం, "ఆ మందు పనికిరాదు" అంటుంది. ఆ మాట పడ్డాక మీరు రోజంతా తిరిగినా ఎవరూ వేలు చాపరు.

నా మొదటి ఏడాది ఇలాగే పోయింది. స్ట్రిప్పు చేతిలో పెట్టి, "రోజూ ఏసుకో మామా" అని చెప్పి వచ్చేశాను. నెల తర్వాత ఆయనకే మళ్లీ జ్వరం. గుడిసె చూరులో నుంచి గుడ్డ మూట తీసి చూపించాడు. అందులో పదకొండు రోజుల మందు భద్రంగా ఉంది. "జరం పోయె గదా. మా ఆడమనిషికి వస్తే పనికొస్తాయని దాచిపెట్టినా" అన్నాడు. తప్పు ఆయనది కాదు. అడవిలో ఏదైనా మిగిలితే దాచుకునే మనిషికి మందు మిగలకూడదని నేను చెప్పలేదు.

కొందరు కేలెండరు ఇచ్చి గీతలు కొట్టమంటారు. కొందరు ఫోన్ చేస్తారు, గూడెంలో సిగ్నల్ ఉన్నట్టు. రెండూ దండగ. నా పద్ధతి వేరు. తేనె కోసం చెంచులు కొండ అంచు నుంచి తాడు మీద దిగేటప్పుడు పైన తాడు పట్టేది భార్య అన్నో తమ్ముడో, అంటే బావమరిది. తన తోబుట్టువు తాళి తన చేతిలో ఉందని ఆ మనిషి పట్టు సడలనీయడు. నేను మందు స్ట్రిప్పు కూడా ఆ చేతికే ఇస్తాను. "తాడు పట్టినట్టే పట్టుకో బావా" అంటే ఇంక వివరించక్కర్లేదు. అడవికి పోయినా ఇద్దరూ కలిసే పోతారు కాబట్టి మందూ వెంట పోతుంది. మీరు గూడెంలో ఉన్న రోజుల్లో మాత్రం మీ కళ్లెదుటే మింగించండి, నోరు తెరిచి చూపించమనండి. సిగ్గుపడకండి.

ఖాళీ కడుపున ఇవ్వొద్దు. కడుపులో నొప్పి వచ్చిందంటే మరునాడు తీసుకోరు. సంగటో, గంజో తిన్నాకే.

ఇక్కడ జాగ్రత్త. గర్భిణికి, ఏడాది లోపు బిడ్డకు ప్రిమాక్విన్ ఇవ్వరు. పాలిచ్చే తల్లి అయితే డాక్టరును అడగకుండా ముట్టుకోవద్దు. చూరులో దాచినది పక్కింటివాళ్లకు పోకూడదనేది కూడా అందుకే. జీ6పీడీ అనే ఎంజైము పుట్టుకతోనే తక్కువున్న వాళ్లలో ఈ మందు రక్తకణాలను విరిచేస్తుంది. అందుకని రోజూ "మాత్ర ఏసుకున్నావా" అని ఒక్కటే అడిగితే చాలదు, "ఉచ్చ ఏ రంగులో వస్తాంది?" అని కూడా అడగాలి. నల్ల టీ రంగులో వస్తున్నా, కళ్లు పచ్చబడినా, పెదాలు నీలంగా మారినా మందు ఆపి అదే పూట డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. పొద్దు వాలేదాకా చూద్దామనుకోవద్దు. రాత్రిపూట అడవి దారిలో మామూలు బండ్లను వదలరు, 108కి ఫోన్ చేయాలన్నా సిగ్నల్ దొరికే గుట్ట దాకా నడవాలి.

పద్నాలుగో రోజు ఖాళీ స్ట్రిప్పు బావమరిది చేతి నుంచి తీసుకుని ఆశా అక్కతో రిజిస్టరులో రాయించండి. ఆ మనిషికి తర్వాత ఎప్పుడు జ్వరం వచ్చినా పాత చీటీ చూసి మందు ఇప్పించకండి. మళ్లీ వేలి నుంచి చుక్క తీయాల్సిందే.