ఆండ్రాయిడ్ యాప్ నేర్చుకుందాం – 4వ పాఠం: ఫోన్ అడ్డంగా తిప్పితే కాయల లెక్క ఎందుకు పోయింది?

గత పాఠంలో కొబ్బరికాయలు లెక్కపెట్టే చిన్న యాప్ చేశాం. తెర మీద ఒక అంకె, కింద 'కాయ' అని ఒక బటన్. నొక్కిన ప్రతిసారీ అంకె ఒకటి పెరగాలి. ఈ వారం రంగులు, అక్షరాల సైజులు చెబుదామనుకున్నాను కానీ మీ దగ్గర నుంచి వచ్చిన మెసేజ్‌లు చూశాక అది పక్కన పెట్టేశాను. సగానికి పైగా ఒకే మాట: "లెక్క మధ్యలో సున్నా అయిపోతోందండీ."

చిన్న చిక్కులు ముందు తేల్చేద్దాం. ఫోన్ ఆండ్రాయిడ్ స్టూడియోలో కనిపించడం లేదన్నవాళ్లు కేబుల్ మార్చి చూడండి. బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కి డెవలపర్ ఆప్షన్స్ తెరవడం రెండో పాఠంలోనే అయిపోయింది. అది చేసినా కనిపించలేదంటే చాలాసార్లు తప్పు కేబుల్‌దే. ఛార్జింగ్‌కు తప్ప డేటాకు పనికిరాని కేబుళ్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. గ్రేడిల్ సింక్ (యాప్‌కు కావలసిన సరంజామాను నెట్ నుంచి తెచ్చుకునే పని) మధ్యలో ఆగిపోయిందంటే ఆ రోజు డేటా ప్యాక్ అయిపోయిందేమో చూసుకోండి. నాలుగు జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్ మీద ఎమ్యులేటర్ (కంప్యూటర్‌లోనే నడిచే నకలు ఫోన్) తెరిచి గంట సేపు కూర్చోవద్దు. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ఫోన్ తీసి దుమ్ము తుడవండి. నేను చేసే ప్రతి యాప్ ముందు పాత ఫోన్ మీదే చూస్తాను. అందులో బాగా నడిచింది కొత్త దాంట్లో దాదాపు ఎప్పుడూ నడుస్తుంది.

కోడ్‌లో లెక్కను దాచే లైన్లోని 'బై' అన్న మాట కింద ఎర్ర గీత వస్తోందని చాలామంది రాశారు. దానికి రెండు ఇంపోర్టులు (వేరే చోట ఉన్న కోడ్‌ను తెచ్చుకునే లైన్లు) కావాలి: ఒకటి గెట్‌వేల్యూ, రెండోది సెట్‌వేల్యూ. ఎర్ర గీత మీద కర్సర్ పెట్టి ఆల్ట్, ఎంటర్ కలిపి నొక్కితే మొదటిది వస్తుంది. గీత ఇంకా పోదు. మళ్లీ నొక్కితే రెండోది వస్తుంది. మీరు ఒక్కసారి నొక్కి ఆగిపోతున్నారు, అంతే. కొందరు 'బై' తీసేసి ఈక్వల్ టు పెట్టి ప్రతిచోటా డాట్ వేల్యూ అని రాశారు. అదీ తప్పు కాదు. నాకు మాత్రం 'బై'యే ఇష్టం, లెక్కను లెక్క అనే చదువుకోవచ్చు. ఇక్కడ చదవడానికి వీలుగా అన్నీ తెలుగులో రాస్తున్నాను, మీరు మాత్రం ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టండి.

ఇక అసలు సంగతి.

అంబాజీపేట దగ్గర నుంచి ఒక తమ్ముడు రాశాడు. యాప్ వాళ్ల నాన్నగారి ఫోన్‌లో వేసి ఇచ్చాడట. చెట్ల నుంచి కాయలు దింపే రోజున ఆయన తోటలో కూర్చుని లెక్కపెడుతూ 412 దాకా వచ్చారు. టీ వచ్చింది. ఫోన్‌ను కాయల కుప్పకు ఆనించి అడ్డంగా పెట్టి, టీ తాగి, మళ్లీ చేతిలోకి తీసుకుంటే సున్నా. "ఏరా, నీ యాప్ కంటే నా సుద్దముక్క నయం" అన్నారట. ఆ మాట చదివి నాకు బాధేసింది. తప్పు ఆ తమ్ముడిది కాదు, ఈ విషయం చెప్పకుండా పాఠం ముగించిన నాది.

జరిగింది ఇదీ. ఫోన్ నిలువు నుంచి అడ్డానికి తిరగగానే ఆండ్రాయిడ్ మీ యాక్టివిటీని, అంటే యాప్‌లో కనిపించే తెరను, పూర్తిగా తీసేసి మళ్లీ మొదటి నుంచి కడుతుంది. ఆన్‌పాజ్, ఆన్‌స్టాప్, ఆన్‌డెస్ట్రాయ్ అనే దశలు వరసగా జరుగుతాయి. వెంటనే మళ్లీ ఆన్‌క్రియేట్, ఆన్‌స్టార్ట్, ఆన్‌రెజ్యూమ్. కంటికి మాత్రం తెర కొంచెం కదిలినట్టు ఉంటుంది, అంతే. ఎందుకింత పని? అడ్డం తెరకు వేరే అమరిక, తెలుగుకు వేరే పదాలు, రాత్రి వేళకు వేరే రంగులు మీరు ఇచ్చి ఉండొచ్చు. పరిస్థితి మారగానే దానికి తగినవి మళ్లీ ఎంచుకుని కొత్తగా కట్టడమే దానికి తేలిక.

గోదావరి లంకల్లో ఉన్నవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో ప్రమాద హెచ్చరిక ఇచ్చారంటే ఇల్లు వదిలి గట్టు మీదకు రావాలి. గోడకు తగిలించినవి అక్కడే ఉండిపోతాయి. మూట కట్టుకున్నవి మనతో వస్తాయి. మనం గత పాఠంలో లెక్కను 'రిమెంబర్'లో పెట్టాం. అది గోడకు తగిలించడం. బటన్ నొక్కినప్పుడల్లా తెర మళ్లీ గీసుకుంటుంది కదా, అంతవరకు అది నిలబడుతుంది. ఇల్లే పోతే దానితో పాటే పోతుంది. 'రిమెంబర్‌సేవబుల్' అని రాస్తే లెక్క మూటలోకి వెళుతుంది. ఆండ్రాయిడ్ కూడా దాన్ని 'బండిల్' అనే పిలుస్తుంది. మార్చాల్సింది ఆ ఒక్క మాటే. మార్చి, 'కాయ' పదిసార్లు నొక్కి, ఫోన్ తిప్పి చూడండి. పది పదిగానే ఉంటుంది.

మూటలో బీరువా పట్టదు. అంకెలు, చిన్న మాటలు, అవునా కాదా అన్న జవాబులు పెట్టండి. ఫొటోలు పెట్టొద్దు. ఈ మూటలు వెళ్లే దారికి మొత్తం మీద దాదాపు ఒక ఎంబీయే పరిమితి. మీరు సొంతంగా చేసుకున్న క్లాసును నేరుగా అందులో పెడితే, దాన్ని ఎలా మూటకట్టాలో తెలియక యాప్ క్రాష్ అవుతుంది.

ఇప్పుడు నాకు చాలా కష్టం కలిగించిన సంగతి. రాసినవాళ్లలో కొంతమంది సొంతంగా ఒక పరిష్కారం కనిపెట్టారు. మానిఫెస్ట్ ఫైల్లో (యాప్ వివరాలు ఆండ్రాయిడ్‌కు చెప్పే ఫైలు) స్క్రీన్ ఓరియంటేషన్‌ను పోర్ట్రెయిట్, అంటే నిలువు, అని పెట్టి తెరకు తాళం వేశారు. ఫోన్ తిప్పినా తెర తిరగదు, లెక్క పోదు. "అయిపోయిందండీ" అని సంతోషంగా రాశారు.

అవలేదు. దయచేసి ఆ లైన్ తీసేయండి. తీసే ముందు, తాళం అలాగే, లెక్కను పాత 'రిమెంబర్'లోనే ఉంచి ఈ పని చేసి చూడండి: 25 దాకా నొక్కి, నోటిఫికేషన్ తెర కిందికి లాగి డార్క్ థీమ్ ఆన్ చేయండి. సున్నా. మళ్లీ నొక్కి, సెట్టింగ్స్‌లో అక్షరాల సైజు పెంచండి. సున్నా. మన నాన్నలు, మావయ్యలు ఫోన్ కొన్న మొదటి వారంలోనే చేసే పని అదే కదా. ఫోన్ భాషను ఇంగ్లీషు నుంచి తెలుగుకు మార్చండి. సున్నా. తెరను రెండుగా చీల్చి పక్కన వాట్సాప్ పెట్టుకోండి. చాలా ఫోన్లలో మళ్లీ సున్నా. ఇవన్నీ ఫోన్ తిప్పడం లాంటివే. ప్రతిసారీ యాక్టివిటీ మళ్లీ పుడుతుంది. మీరు తాళం వేసింది ఒక్క తలుపుకు, మిగిలినవన్నీ బార్లా తెరిచే ఉన్నాయి. పైగా ఆండ్రాయిడ్ 16 కోసం కట్టిన మామూలు యాప్‌లలో, చిన్న పక్క 600 డీపీ (తెర సైజు కొలిచే ఆండ్రాయిడ్ కొలత) దాటిన పెద్ద తెరల మీద సిస్టమ్ ఆ తాళాన్ని లెక్కచేయదు. టాబ్లెట్‌లో మీ యాప్ తిరిగే తీరుతుంది.

ఇంకొకరు అదే మానిఫెస్ట్‌లో కాన్ఫిగ్‌చేంజెస్ అన్న లైన్లో మార్పులన్నీ వరసగా రాసి, దేనికీ యాక్టివిటీని తీసేయొద్దని చెప్పారు. దానితో పై పరీక్షలన్నీ నెగ్గొచ్చు. కానీ నాన్నగారి ఫోన్‌లో ర్యామ్ తక్కువ. లెక్క మధ్యలో కెమెరా తెరిచి నాలుగు ఫొటోలు తీశారనుకోండి, జాగా కోసం ఆండ్రాయిడ్ వెనకున్న మీ యాప్ మొత్తాన్నే చంపేస్తుంది. తిరిగి వచ్చేసరికి అదే సున్నా. రిమెంబర్‌సేవబుల్ మూట అప్పుడు కూడా బతుకుతుంది. అందుకే దాని మీద ఇంత పట్టుబడుతున్నాను.

దాదాపు ఇలాంటి చావును చేత్తో తెప్పించి చూసే దారి ఉంది. డెవలపర్ ఆప్షన్స్‌లో బాగా కిందికి వెళితే 'డోంట్ కీప్ యాక్టివిటీస్' అని ఉంటుంది. అది ఆన్ చేసి, యాప్‌లో కొంత నొక్కి, హోమ్‌కు వెళ్లి, మళ్లీ యాప్‌లోకి రండి. వదిలి వెళ్లిన ప్రతిసారీ యాక్టివిటీ పోతుంది. నేను కొత్త యాప్ మొదలుపెట్టిన రోజే దీన్ని ఆన్ చేసి పని అయ్యేదాకా ఉంచేస్తాను. మీరు మాత్రం పరీక్ష అవగానే ఆపేయండి, లేకపోతే మిగతా యాప్‌లు కూడా వింతగా ప్రవర్తిస్తాయి.

మూటకూ ఒక హద్దు ఉంది. రీసెంట్స్‌లో (ఇటీవల తెరిచిన యాప్‌ల వరస) యాప్‌ను పైకి తోసేస్తే మూట పోతుంది. ఫోన్ ఆపి వేసినా పోతుంది. పాత ఫోన్లలో బ్యాక్ నొక్కి బయటికి వచ్చినా పోతుంది. ఆండ్రాయిడ్ 12 నుంచి మొదటి తెర మీద బ్యాక్ నొక్కితే యాప్ ముగియదు, వెనక్కి వెళుతుంది. మీ ఫోన్‌లో ఉన్న లెక్క నాన్నగారి ఫోన్‌లో లేకపోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు. ఈ నెల దింపు లెక్క వచ్చే దింపు దాకా ఉండాలంటే ఫోన్‌లో శాశ్వతంగా దాచే డేటాస్టోర్‌లోనో రూమ్‌లోనో రాసి పెట్టాలి. అది ఆరో పాఠంలో.

తెరకు కావలసిన డేటాను తెర బయట దాచే వ్యూమోడల్ వాడొచ్చు కదా అని భీమవరం నుంచి ఒక చెల్లి అడిగింది. మంచి ప్రశ్న. ఫోన్ తిప్పితే వ్యూమోడల్ బతుకుతుంది, యాప్ మొత్తం చస్తే అదీ చస్తుంది. ఒక్క అంకె కోసం ఇప్పుడే అది వద్దు.

అభ్యాసం. ఈసారి కొంచెం బరువైనదే ఇస్తున్నాను, ఆదివారం కేటాయించండి. నరసాపురం నుంచి సఖినేటిపల్లికి గోదావరి దాటించే పంటు కోసం లెక్క యాప్ చేయండి. మనుషులు, సైకిళ్లు, బైకులు, కార్లు – నాలుగు బటన్లు, నాలుగు అంకెలు. ఒక్కోదానికి రేటు మీరే పెట్టుకోండి. కింద మొత్తం డబ్బులు కనిపించాలి. మొత్తాన్ని మూటలో పెట్టకండి, నాలుగు అంకెల నుంచి అప్పటికప్పుడు కట్టండి. ఒకే నిజాన్ని రెండు చోట్ల దాస్తే ఏదో ఒక రోజు రెండూ కలవవు. తర్వాత 'వెనక్కి' అని ఐదో బటన్. పొరపాటున బైకు బదులు కారు నొక్కితే ఆ ఒక్క నొక్కుడు రద్దవ్వాలి. అలా ఐదుసార్లు వెనక్కి వెళ్లగలగాలి.

కష్టం ఇక్కడే. మూడు బైకులు నొక్కి, ఫోన్ తిప్పి, డార్క్ థీమ్ మార్చి, అక్షరాలు పెంచి, డోంట్ కీప్ యాక్టివిటీస్ ఆన్ చేసి హోమ్‌కు వెళ్లి వచ్చాక కూడా 'వెనక్కి' సరిగ్గా చివరి బైకునే తీసేయాలి. నొక్కుళ్ల వరసను మామూలు లిస్టుగా, మారగానే తెరను మళ్లీ గీయించే మ్యూటబుల్‌స్టేట్‌ఆఫ్‌లో ఉంచి, ప్రతిసారీ కొత్త లిస్టు ఇవ్వండి. మ్యూటబుల్‌స్టేట్‌లిస్ట్‌ఆఫ్ వాడితే దాన్ని మూటకట్టే పద్ధతి మీరే రాసుకోవాల్సి రావచ్చు, ఇప్పుడే ఆ జోలికి వెళ్లొద్దు.

అంబాజీపేట తమ్ముడూ, నువ్వు ముందు నాన్నగారి ఫోన్‌లో ఆ ఒక్క మాట మార్చి మళ్లీ వేసి ఇవ్వు. వచ్చే దింపుకు ఆయన ఏమన్నారో నాకు రాయి.